తిరుపతి వెళ్లొచ్చావా అమ్మాయ్?

మొన్న వైశాఖంలో పెనుమూడిలో మా మేనమామ గారి మనవరాలి పెళ్లి జరిగింది. పెళ్లికి వారం రోజుల ముందు మా అమ్మాయి నడుం దాటిన జడని మెడ దాకా కోయించుకుని, హైదరాబాదు నుంచి వచ్చి తెనాలిలో రైలు దిగింది. దానికి 24 ఏళ్లు. ఉద్యోగం చేసుకుంటోంది. నన్నడిగి కోయించుకోవాల్సిన వయసు కాదు. అయినా స్టేషన్లో దాన్ని చూడగానే నా చెయ్యి నా జడ మీదకే వెళ్లింది.

పెళ్లింట్లో చెప్పులు విప్పామో లేదో ప్రశ్నలు మొదలయ్యాయి. "తిరుపతి వెళ్లొచ్చావా అమ్మాయ్?" అని ఒకావిడ. "అయ్యో, టైఫాయిడ్ గానీ వచ్చిందా తల్లీ?" అని ఇంకొకావిడ. ఇది నవ్వుతూ "లేదండీ, నాకే ఇలా బాగుంటుందనిపించింది" అంటే, వాళ్లు నమ్మనట్టు నా వైపు చూశారు.

ఆలోచిస్తే వాళ్ల తప్పేం లేదు. ఆడదాని తల మీద జుట్టు తగ్గడానికి మన ఇళ్లలో తెలిసిన కారణాలు మూడే. మొక్కు, జబ్బు, మూడోది పెళ్లింట్లో నోట రానివ్వకూడనిది. "నాకు ఇష్టమై" అనేది నాలుగో కారణం. దానికి సరిపడే ప్రశ్న మన ఊళ్లలో ఇంకా తయారు కాలేదు.

ఆ మూడో కారణం మా ఇంట్లోనే ఉందని నాకు తెలుసు. కానీ అది మా అమ్మని ఎంతగా పట్టుకుని ఉందో ఆ వారంలోనే తెలిసింది.

అమ్మ మా దగ్గరే తెనాలిలో ఉంటుంది. మనవరాలిని చూసి ఒక్క మాటా అనలేదు. కాఫీ ఇచ్చింది, "తిన్నావా" అంది, లోపలికి వెళ్లి పడుకుంది. రెండు రోజులు అలాగే. తిట్టేదైతే బాగుండేది. మూడో రోజు రాత్రి పక్కలు వేస్తుంటే అమ్మ నోరు విప్పింది. "మా నాయనమ్మకి చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడేది నేనేనే," అంది.

అమ్మ వాళ్ల నాయనమ్మ, అంటే నాకు తాతమ్మ. పెనుమూడి ఇల్లు ఆవిడదే. 1922 ప్రాంతంలో ఆవిడకి 19 ఏళ్లప్పుడు, చంకలో ఏడాది పిల్లాడుండగా భర్త పోయాడు. పదో రోజున కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్లి జుట్టు తీయించారు. ఆ తర్వాత నెల నెలా క్షురకుడు దొడ్డి గుమ్మం వైపు నుంచి వచ్చేవాడు. ఆవిడ బావి గట్టు దగ్గర తల వంచుకుని కూర్చునేది. అమ్మకి ఎనిమిదేళ్లు వచ్చాక నీళ్ల చెంబు పట్టుకునే పని అమ్మకి వచ్చింది. పని అయ్యాక ఆవిడ తల మీదుగా నీళ్లు పోసుకుని, తెల్ల చీర కొంగు కప్పుకుని, ఏమీ జరగనట్టు మడి కట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయేదట.

జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే ఆవిడ జుట్టు యాభై ఏళ్ల పైచిలుకు ఎప్పుడూ ఒక సెంటీమీటరు దాటలేదు. లెక్క వేస్తే ఆరొందల సార్లకు పైనే ఆ గట్టు మీద కూర్చుని ఉంటుంది.

ఇది తాతమ్మ ఒక్కదాని కథ కాదని మీకూ తెలుసు. మన భాషే సాక్షి. సంస్కృతంలో ముండమంటే గొరిగిన తల. అదే మాట తెలుగులోకి వచ్చి భర్త పోయిన ఆడదానికి పేరయింది, తర్వాత తిట్టయింది. తల బోడి కాబట్టి మనిషీ బోడే. విలువ లేని సలహాని 'బోడి సలహా' అంటాం, ఆ బోడితనం ఎవరి తల మీద నుంచి వచ్చిందో ఆలోచించం. "జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే" అన్న సామెత చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు విన్నానో! జుట్టు లేనమ్మ సంగతి ఆ సామెత చెప్పదు.

తాతమ్మ కాలానికి మార్పు రాలేదా అంటే, వచ్చింది. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని చట్టం 1856లోనే వచ్చింది. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. ఊరంతా వెలివేస్తే ఆ పెళ్లివారికి వంటలు చేసి పెట్టింది, నీళ్లు మోసింది వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు. సంస్కర్త పేరు చరిత్రలో పెద్దక్షరాల్లో ఉంటుంది, బిందె మోసినావిడ పేరు చిన్నక్షరాల్లో. నాకు మాత్రం ఈ కథలో ఆవిడే ముందు కనపడుతుంది.

మన గుంటూరులోనే ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, లక్ష్మీబాయమ్మ గారు 1922లో శారదా నికేతనం పెట్టారు. ఆడపిల్లలు, భర్త పోయినవాళ్లు వచ్చి చదువుకునే చోటు అది. ఆ ఏడాది సంఖ్య చూసి నేను చాలాసేపు ఆగిపోయాను. మా తాతమ్మని ఏటి ఒడ్డుకు తీసుకెళ్లిన రోజులే కదా అవి! అప్పటికే రేపల్లెకు రైలు కూడా ఉంది. ఎక్కితే తెనాలి మీదుగా గుంటూరు. దూరం అడ్డు కాదు. ఆ దొడ్డి గుమ్మం దాటి రైలెక్కించే మనిషి లేకపోవడమే అడ్డు. చట్టం, సంస్కరణ, రైలు మూడూ ఉన్నా ఇంట్లో ఒక్కరు "వద్దు" అనకపోతే అవి ఆ ఇంటి గడప దాకా రావు.

"వద్దు" అన్న మాట ఒక్కోసారి ఎవరూ ఊహించని చోటి నుంచి వస్తుంది. 1890లో బొంబాయిలో వందల మంది క్షురకులు సభ పెట్టుకుని, ఇకమీద వితంతువుల తలలు గొరిగే పని చేయమని తీర్మానించారు. జ్యోతిరావు ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే దానికి పూనుకున్నారు. కత్తి పట్టుకున్న చెయ్యే కాదంటే ఇక ఆచారం ఏం చేస్తుంది?

ఈ సంగతి అమ్మకి చెబితే ఠక్కున లేచి కూర్చుంది. "మనింట్లోనూ అంతేనే!" అంది. 1978 ప్రాంతంలో, ఎప్పుడూ వచ్చే పెద్దాయన పోయాక కబురు పంపితే ఆయన కొడుకు వచ్చాడట. రేపల్లెలో సొంతంగా షాపు పెట్టుకున్నాడు. అరుగు దగ్గర నిలబడి, "పెద్దమ్మగారూ, ఏమీ అనుకోకండి, ఈ పని నా వల్ల కాదండీ" అని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడట. అప్పటికి ఇంట్లో పట్టుబట్టి ఇంకొకర్ని పిలిపించే పెద్దవాళ్లెవరూ మిగల్లేదు. తాతమ్మ ఏమీ అనలేదు. అలా 75 ఏళ్ల వయసులో ఆవిడ జుట్టు మళ్లీ పెరగడం మొదలైంది.

నాకు గుర్తున్న తాతమ్మ ఆ తాతమ్మే. తెల్లగా, పట్టు దారాల్లా తిన్నగా, చెవుల కిందికి పడే జుట్టు. సెలవులకి వెళ్లినప్పుడు అమ్మ ఆవిడకి కొబ్బరినూనె రాసి, చెక్క దువ్వెనతో పక్క పాపిడి తీసి, జారకుండా నల్ల స్లైడు పెట్టేది. ఎవరైనా వస్తే గబుక్కున కొంగు కప్పుకునేది. ఎవరూ లేనప్పుడు చేత్తో తడుముకునేది. పొట్టి జుట్టుకి చేసిన అలంకరణ నేను జీవితంలో మొదట చూసింది అదే. 1984లో ఆవిడ పోయింది. అప్పటికి జుట్టు భుజాల దాకా వచ్చింది.

అమ్మ మౌనం నాకు అప్పుడర్థమైంది. అమ్మకి జుట్టు కోయడమంటే బావి గట్టు, వంగిన మెడ, చేతిలో చెంబు. "నీ జుట్టు ఎవ్వర్నీ ముట్టనీయకే" అని తాతమ్మ అమ్మ దగ్గర మాట తీసుకుందట. డెబ్బై అయిదేళ్లు వచ్చినా అమ్మ ఇప్పటికీ చివర్లు కూడా కత్తిరించదు.

ఆడవాళ్ల తల మీద ప్రతి గొరుగుడూ శిక్షే అని కూడా అనలేం. పెనుమూడి నుంచి తెనాలి వస్తుంటే దారిలో భట్టిప్రోలు తగులుతుంది. అక్కడి బౌద్ధ స్తూపం క్రీస్తుకు ముందు కాలంనాటిది. 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు అక్షరాలు చెక్కిన రాతి భరిణెలు, వాటిలో ధాతువులు, బంగారు పూలు దొరికాయి. ఇటు అమరావతి శాసనాల్లో దానాలిచ్చిన భిక్షుణుల పేర్లు బోలెడున్నాయి. భిక్షుణి కావాలంటే తల గొరిగించుకోవాలి. మన కృష్ణ ఒడ్డునే రెండు వేల ఏళ్ల కిందట ఆడవాళ్లు తమంతట తాముగా జుట్టు తీసేసుకుని, తమ పేరుతో దానమిచ్చి, ఆ పేరు రాతి మీద చెక్కించుకున్నారు. అదే నది, అదే కత్తి. ఆవిడ పేరు రాయి మీద మిగిలింది, మా తాతమ్మని ఊళ్లో అందరూ 'ఫలానా వారి అమ్మ' అనే పిలిచారు.

మొక్కు సంగతీ అంతే. పెనుమూడి వంతెన దాటితే పులిగడ్డ, అక్కణ్ణించి కాస్త దూరంలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి. మా అమ్మాయి పుట్టువెంట్రుకలు అక్కడే తీయించాం, చెవులూ అక్కడే కుట్టించాం. తిరుమలలో తలనీలాలనడానికి నీలాదేవి కథ చెబుతారు. స్వామి తల మీద గాయపు మచ్చ చూసి తన జుట్టు తీసి ఇచ్చిన గంధర్వ కన్య ఆవిడ. కల్యాణకట్ట దగ్గర గుండుతో నవ్వుతూ బయటికొచ్చే ఆడవాళ్లని చూడండి, ఒక్కరైనా తల వంచుకుని ఉంటారా? ఇచ్చినదానికీ, లాక్కున్నదానికీ తేడా ముఖంలోనే తెలుస్తుంది.

ఇక మా అమ్మాయి చేయించుకున్న ఈ 'బాబ్' ఎక్కడిదని చూస్తే అదీ ఒక ఆసుపత్రి కథే. ఐరీన్ కాజిల్ అనే అమెరికా నాట్యకత్తె 1915 ప్రాంతంలో అపెండిసైటిస్ ఆపరేషన్ ముందు, పడకలో జుట్టు చిక్కులు పడుతుందని కత్తిరించేసుకుంది. అది చూసి దేశమంతా కత్తిరించుకుంది. ఆడవాళ్ల దుకాణాల్లో కోయడం రాక, కోయడానికి ఇష్టపడక పంపిస్తే, వీళ్లు మగవాళ్ల క్షౌరశాలల ముందు వరసలు కట్టారు. మనం 'స్లైడ్లు' అనే బాబీ పిన్నులకి ఆ పేరొచ్చింది కూడా ఈ బాబ్ జుట్టు నుంచే. 1920లో స్కాట్ ఫిట్జెరాల్డ్ అనే రచయిత ఒక కథ రాశాడు. అందులో బెర్నీస్ అనే పిల్ల, చుట్టాలమ్మాయి ఎగదోసిన మాటలకి చిక్కి, నలుగురి ముందూ పంతానికి పోయి బాబ్ చేయించుకుంటుంది. ఫ్యాషన్లోనూ చిక్కు అక్కడే ఉంది. కోయించుకోమని ఒకరు నెట్టడమూ కోయించుకోవద్దని ఒకరు పట్టుకోవడం లాంటిదే.

మన దగ్గరకొచ్చేసరికి సినిమా మోసుకొచ్చింది. 1953లో 'రోమన్ హాలిడే'లో ఆడ్రీ హెప్‌బర్న్ రాకుమారి వేషంలో క్షౌరశాలలోకి వెళ్లి, ఆయన జంకుతున్నా ఇంకా పొట్టిగా కత్తిరించమంటుంది. ఆవిడ నుదుటి జుట్టుని చూసే 1960లో 'లవ్ ఇన్ సిమ్లా'కి దర్శకుడు ఆర్.కె. నయ్యర్ సాధన గారి వెడల్పాటి నుదురు కప్పేలా జుట్టు కత్తిరింపించారు. అదే మన అమ్మల తరం సాధనా కట్. అమ్మ కాలేజీ స్నేహితురాలు ఇంట్లో అద్దం ముందు కత్తెరతో తనే కోసుకుని, వంకరొచ్చి, నెల రోజులు నుదుటికి రిబ్బను కట్టుకుని తిరిగిందట! ఆ మాట చెబుతూ అమ్మ ఆ వారంలో మొదటిసారి నవ్వింది.

ఆ నవ్వు చూసి మా అమ్మాయి ధైర్యం చేసింది. "అమ్మమ్మా, నన్నెవరూ కూర్చోబెట్టలేదు. నేనే వెళ్లి కుర్చీలో కూర్చుని, అద్దంలో చూపిస్తూ ఇదిగో ఇక్కడి దాకా అని చెప్పి కోయించుకున్నాను" అంది.

"చెప్పి కోయించుకున్నావా?" అంది అమ్మ.

"చెప్పే."

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరే, పెళ్లికి పూలెలా పెడతావే మరి?" అంది.

అసలు సమస్య అప్పుడొచ్చింది! సవరం పెడదామని నేను. వద్దని అది. మిగిలిన మూడు రోజులూ మేం ముగ్గురం అద్దం ముందు చేసిన ప్రయోగాల సారం మీకూ చెబుతాను. పొట్టిగా తిన్నగా ఉండే జుట్టున్న అమ్మాయి మీ ఇంట్లోనూ ఉంటే పనికొస్తుంది.

తిన్నని జుట్టుకి పెద్ద చిక్కు జారిపోవడం. తలంటిన రోజు అసలు నిలవదు. పెళ్లికి ముందు రోజు తలంటి, మర్నాడు అలంకరించుకోండి. స్లైడుకి ఒకవైపు వంకీలుంటాయి కదా, ఆ వైపు మాడుకి ఆనాలి. నేను ఇన్నేళ్లూ తిరగేసి పెట్టుకుంటున్నానని ఇప్పుడు తెలిసింది. ఒక్క స్లైడు జారితే రెండు అడ్డంగా గుణకారం గుర్తులా పెట్టండి, కదలవు. తిన్నని జుట్టులో మాడు జిడ్డు త్వరగా చివర్ల దాకా దిగుతుంది కాబట్టి నూనె ముందు రాత్రి కాస్త రాసి కడిగేయడమే మేలు.

అన్నిటికంటే తేలిక, పాపిడి మార్చడం. రోజూ నడి పాపిడి తీసేవాళ్లు ఓ పక్కకి తీసి, తక్కువ జుట్టున్న వైపు చెవి వెనక్కి దువ్వి స్లైడు పెడితే ముఖమే మారిపోతుంది. రెండోది సగం ముడి. చెవుల పైనుండే జుట్టు మాత్రం వెనక్కి తీసి చిన్న క్లచ్చర్ పెట్టి, కిందిది వదిలేయడం. మూడోది మెలి. కణతల దగ్గర రెండు వైపులా ఒక్కో పాయ తీసి, తాడులా మెలితిప్పుతూ వెనక్కి తెచ్చి కలిపి పిన్ను చేయాలి. చీర మీదికి ఇది చాలా నిండుగా ఉంటుంది.

అలలు కావాలంటే వేడి యంత్రాలక్కర్లేదు. కొంచెం తడిగా ఉన్నప్పుడు రాత్రి నాలుగైదు చిన్న జడలు అల్లుకుని పడుకుంటే పొద్దున్నకి అలలు వస్తాయి. వెంట్రుకలో కొన్ని బంధాలు తడికి విడిపోయి, ఆరేటప్పుడు ఉన్న ఆకారంలోనే మళ్లీ బిగుస్తాయి. అందుకే మళ్లీ తడి తగిలితే అలలు పోతాయి. మా పెనుమూడి లాంటి ఏటి గాలిలో మధ్యాహ్నం దాటదు, ముందే చెబుతున్నా!

పాపిటబిళ్లకి జడ అక్కర్లేదు. కొక్కేన్ని పాపిట్లో ఒక స్లైడుకి తగిలిస్తే చాలు. పూలకి అమ్మే ఉపాయం చెప్పింది. మెలితిప్పిన పాయలు కలిసే చోట మొదలుపెట్టి, మల్లె దండని ఈ చెవి వెనక నుంచి ఆ చెవి వెనక దాకా అర్ధచంద్రంలా పరచి, యూ పిన్నులతో దారాన్ని మాత్రమే పట్టాలి, పువ్వుని కాదు. రెండు వరసలు పెడితే వెనక నుంచి చూసేవాళ్లకి జుట్టెంతో తెలియదు. మధ్యలో నాలుగు కనకాంబరాలు, ఓ మరువం రెమ్మ.

పెళ్లి రోజు తెల్లవారుజామున పెనుమూడి ఇంట్లో ఆ పూలు అమ్మే పెట్టింది. ఆ బావి ఇప్పుడు లేదు, పూడ్చేసి మోటారు వేశారు. గట్టు ఉన్న చోటే ఎవరో కుర్చీ వేశారు, అక్కడైతే వెలుతురు బాగుంటుందని. మా అమ్మాయి అందులో కూర్చుంది. అమ్మ చెక్క దువ్వెన తీసి, నడి పాపిడి కలిపేసి, పక్క పాపిడి తీసింది. చేతులు కాస్త వణికాయి. నేను స్లైడ్లు అందిస్తూ నిలబడ్డాను.

"ఇంత పొట్టి జుట్టుకి దువ్వడం నాకు అలవాటేలే," అంది అమ్మ.

మండపంలో మళ్లీ ఒకావిడ ఆపింది. "ఏవమ్మా, మీ మనవరాలు తిరుపతి గానీ వెళ్లొచ్చిందా?" అని అమ్మనే అడిగింది.

"లేదండీ," అంది అమ్మ. "దానికి ఇష్టమై కోయించుకుంది."

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, పాత ఫోటోలో కొంగు చెంపల దాకా కప్పుకుని కూర్చున్న ఆవిడ ఎవరో ఓసారి అడిగి చూడండి. ఆవిడ పేరేమిటో కూడా అడగండి. మా తాతమ్మ పేరు నేను ఆ రోజే అడిగి తెలుసుకున్నాను.